కోడి ముక్కు ముందు గీత

ఊరి చివర కళ్లంలో గింజలేరుకుంటున్న బోడిమెడ పెట్టని నక్క పట్టేసింది. పట్టిందే గాని తినలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని, ఈమధ్య దానికి చదువు పట్టుకుంది మరి.

బజ్జీల బండి దగ్గర దానికో నూనె కాయితం దొరికింది, ఏదో విజ్ఞాన సర్వస్వంలోంచి చింపినది. కోడి తల నేలకానించి, ముక్కు ముందు తిన్నగా గీత గీస్తే, కోడి కట్టెలా పడి ఉంటుందట.

"కదలకే. సాయంత్రం నక్కలందరికీ నిన్ను చూపించాలి. నన్నిక పండితుడంటారు. భోజనం ఆ తర్వాత," అంది నక్క, పెట్ట తలని నేలకి నొక్కి.

పెట్టకి పై ప్రాణాలు పైనే పోయాయి. గడ్డివాము కింద తొమ్మిది పిల్లలున్నాయి. తను పోతే వాటిని పొదువుకునే దిక్కు లేదు.

నక్క గోటితో జానెడు గీత గీసింది. పాడు చదువు, నిజమే రాశారు. పెట్ట ఒళ్లు బిగుసుకుపోయింది. పిల్లలు గుర్తొచ్చి ఎలాగో తెప్పరిల్లింది.

"మామా, చేసేది సరిగ్గా చెయ్యి," అంది.

"నీకు నోరెలా లేస్తోందే?"

"గీత కురచైతే లేవదా మరి? ఎంత పొడుగు గీస్తే అంతసేపు పడుంటాం. కింది పేరాలో ఉందిగా, చదవలేదూ?"

కింది పేరాకి బజ్జీ వాసనొస్తోందని నక్క దాన్ని ఎప్పుడో తినేసింది. ఆ మాట ఒక కోడితో చెప్పుకుంటుందా?

"చదవకేం, కంఠతా వచ్చు."

"అయితే తెలిసే ఉంటుంది. సాయంత్రం దాకా అంటే కళ్లం ఆ చివరికి గీయాలి. వెనక్కి నడుస్తూ, నా మీంచి చూపు తిప్పకుండా."

"నాకు చెప్పొచ్చావా," అని నక్క గీసుకుంటూ వెనక్కి నడిచింది.

ఆ చివర ఎడ్లబండి కింద కర్రోడనే కుక్క పడుకుని ఉంది. అది ఏ కాయితంలోనూ రాసి లేదు. బతికుంటే బలుసాకు తినొచ్చని పెట్ట కంటి మీద ఈగ వాలినా కదల్లేదు.

నక్క వెనక భాగం మెత్తగా దేనికో తగిలింది.

"ఎవడ్రా అది?" అంది కర్రోడు.

"పండితుణ్ణి," అంది నక్క, చూపు తిప్పకుండానే.

పండితుడి తోక సగం కర్రోడి నోట్లో మిగిలింది. మిగతా పండితుడు ముళ్లకంచె దూరి పారిపోయాడు.

పెట్ట లేచి ఒళ్లు దులుపుకుంది. పిల్లల్ని పిలిచి, గీత పొడుగునా నక్క గోళ్లు పెకలించిన పురుగుల్ని ఒక్కొక్కటే తినిపించింది.

తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాణ్ణి, కోడి కూడా తను కోరిన చోటికి నడిపిస్తుంది.