పాలు తగ్గిన ఇల్లు

నరాల వైద్యురాలు భ్రమరాంబగారికి శిష్యులతో వాదించే అలవాటు లేదు. వాళ్ళ అనుమానం పూర్తిగా విని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఒకరోజు ఆమె వార్డులో ఉండగా సుకుమార్ అనే శిష్యుడు స్కాన్లు పట్టుకుని వచ్చాడు. రోగి పేరు సింహాద్రి, బస్సు కండక్టరు. తల వెనక కుడివైపు, చిన్నమెదడులో రక్తనాళం మూసుకుపోయి పడిపోయాడు. రెండు వారాలకి నడక కుదుటపడింది గాని, మాటలు దొరకడం లేదు. ఇరవై ఏళ్ళు అరిచిన స్టాపుల పేర్లు అడిగితే కిటికీ వైపు చూస్తున్నాడు.

"నాకు నమ్మకం కుదరడం లేదు మేడమ్," అన్నాడు సుకుమార్. "దెబ్బ తిన్నది వెనక. స్కానులో రక్తం తగ్గినట్టు కనిపిస్తున్నది ఎడమవైపు ముందుభాగంలో, మాటలకి పనికొచ్చే చోట. రెండు చోట్లనీ కలిపే నరాల దారులున్నాయి, నిజమే. కాని ముందువైపు రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. అడ్డు లేనప్పుడు రక్తం ఎందుకు తగ్గాలి? యంత్రం తప్పు చూపించి ఉంటుంది. ఇతనేమో తేలిక డ్యూటీ కోసం నటిస్తున్నాడు. రిపోర్టులో అలాగే రాయమంటారా?"

అలా రాస్తే సింహాద్రి ఉద్యోగానికే ముప్పు. ఆమె స్కాను చూసి పక్కన పెట్టారు.

"మా నాన్న గవరయ్య ఇంటింటికీ పాలు పోసేవాడు. కోటవీధి రత్నమ్మగారు రోజూ లీటరున్నర పోయించుకునేవారు. ఉన్నట్టుండి అర లీటరు చాలన్నారు. మా నాన్న తన పాలు తనే తాగి చూసుకున్నాడు. చిక్కగానే ఉన్నాయి. అయితే ఇంకెవడో చాటుగా పోస్తున్నాడనుకుని, రెండు పొద్దులు ఆ ఇంటి గోడ పక్కన కాపు కాశాడు. ఎవడూ రాలేదు. మూడోరోజు ఉండబట్టలేక నిలదీశాడు. 'నిజం చెప్పండమ్మా, ఎవరి పాలకి మరిగారు?'

ఆవిడ గిన్నె కింద పెట్టేసింది. 'టీ ఎవరికని కాచను గవరయ్యా? రోజూ నలుగురిని వెంటేసుకొచ్చే సరోజిని మంచాన పడింది కదా!'

సరోజిని ఇల్లు ఊరికి ఆ చివర. అక్కడ పాలు పోసేదీ మా నాన్నే. ఆవిడ పడిపోయిన సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలుసు."

సుకుమార్ కలానికి మూత పెట్టాడు. మొహంలో అనుమానం మాత్రం ఇంకా పోలేదు. "సరోజినిగారు లేచాక మళ్ళీ లీటరున్నర పోయించుకున్నారా?" అని అడిగాడు.

"సరోజిని లేవలేదు," అన్నారు భ్రమరాంబగారు, సింహాద్రి మంచం వైపు నడుస్తూ. "కాని ఏడాది తిరక్కముందే రత్నమ్మగారి గుమ్మంలో ఇంకెవరివో చెప్పులు కనిపించాయి. మా నాన్న మళ్ళీ లీటరున్నర పోశాడు."