నిశ్శబ్దం దొరికిన చోటు

విశ్వంభరుడికి ధ్యానం కుదరడం లేదు.

అతను రాయలసీమ నుంచి వచ్చినవాడు. వాళ్ళ ఊళ్ళో మధ్యాహ్నమైతే కాకి కూడా అరవదు. పాపికొండల్లో కొండలస్వామి ఆశ్రమం ఉందని, చుట్టూ కారడవి అని విని, అంతకంటే ప్రశాంతమైన చోటు ఉండదనుకుని వచ్చాడు. వచ్చాక తెలిసింది అడవి సంగతి. తెల్లారకుండానే అడవికోడి లేపేస్తుంది. కళ్ళు మూసుకుంటే వడ్రంగిపిట్ట నెత్తిమీదే పొడుస్తున్నట్టుంటుంది. కొండముచ్చులు తగువులాడుకుంటాయి. ఎండెక్కితే కీచురాళ్ళు అందుకుంటాయి. చెవుల్లో దూది పెట్టుకుని చూశాడు గానీ లాభం లేకపోయింది.

ఒకరోజు పొద్దున్నే గురువు దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు. ఈ గోలలో మనసు నిలవడం లేదని, ఏ చప్పుడూ లేని చోటు ఒక్కటి చూపిస్తే చాలని వేడుకున్నాడు.

కొండలస్వామి నవ్వి, చేతికర్ర అందుకున్నాడు. "పద నాయనా, వెతుకుదాం."

జువ్విచెట్టు కిందికి తీసుకెళ్ళాడు. పళ్ళు మాగి ఉన్నాయేమో, చెట్టు నిండా పక్షులు. బెట్టుడత అనే పెద్ద అడవి ఉడత ఒకటి పైనుంచి సగం కొరికిన పండు విశ్వంభరుడి భుజం మీద పడేసింది. వెదురుపొదల దగ్గరికి వెళితే గాలికి వెదుళ్ళు కిర్రుమంటున్నాయి. సెలయేటి ఒడ్డున కప్పలు. ప్రతిచోటా స్వామి ఆగి, ఇక్కడ బాగుందా అని అడగడం, శిష్యుడు తల అడ్డంగా ఊపడం. ఆ ముసలాయనకి మాత్రం విసుగు లేదు. జాతరకు వచ్చినవాడిలా అన్నీ చూసుకుంటూ నడిచాడు.

లోయలో ఒక పెద్ద బండ దగ్గరికి వచ్చేసరికి, దూరంగా ఒక కొండముచ్చు ఖక్కుమని ఒక్కసారి దగ్గినట్టు అరిచింది.

అంతే. కీచురాళ్ళు ఆగిపోయాయి. పిట్టలు ఆగిపోయాయి. ఆకు రాలినా వినపడేంత నిశ్శబ్దం.

విశ్వంభరుడి మొహం వెలిగిపోయింది. "ఇదే స్వామీ, నాకు కావలసింది ఇదే" అంటూ బండ పక్కన పద్మాసనం వేసి కళ్ళు మూసుకున్నాడు.

గురువు చేయి అతని భుజం మీద గట్టిగా పడింది. "లే. పరిగెత్తకు. నా వెనక నిలబడు."

ఆ గొంతు అలా పలకడం అతను ఎన్నడూ వినలేదు. లేచి, వీపు బండకి ఆనించి నిలబడ్డాడు. కొమ్మల్లో కొండముచ్చులు పిల్లల్ని పొట్టకి అదుముకుని, అన్నీ ఒకవైపే చూస్తున్నాయి. అతనూ అటు చూశాడు.

ఎండుగడ్డి కదిలింది. పెద్దపులి బయటికొచ్చింది. తొందరేమీ లేదు దానికి. ఒక్క క్షణం ఆగి, తల తిప్పి ఇద్దరినీ చూసింది. విశ్వంభరుడికి తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అది వాగు దాటి, అవతలి పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఇద్దరూ కదల్లేదు. చాలాసేపు ఏదీ పలకలేదు. ఏదో ఒకటి కూస్తే బాగుండునని అతను కొమ్మకొమ్మా వెతుకుతూ చూశాడు.

చివరికి పేరు తెలియని చిన్న పిట్ట ఒకటి సందేహంగా కిచుమంది. మరొకటి బదులిచ్చింది. కొండముచ్చులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఆ వెంటనే కీచురాళ్ళన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. లోయంతా మళ్ళీ మారుమోగిపోయింది.

విశ్వంభరుడు బండకి ఆనుకునే కిందికి జారి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకో నవ్వు కూడా వచ్చింది.

కొండలస్వామి చేతికర్ర పక్కన పెట్టి, అతని పక్కనే నడుం వాల్చాడు.

"ఇక కానీ నాయనా, నీ ధ్యానం. నేనూ ఓ కునుకు తీస్తాను. కాపలాకి ఇందరున్నారుగా."

శిష్యుడు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురువుగారి గురక కూడా ఆ గోలలో కలిసిపోయింది.