గళ్ల పిడి, నున్నటి పిడి

పొద్దు గుట్టల వెనక్కి వాలుతున్న వేళ, అందరూ చూస్తుండగా మస్తానమ్మ చేతిలోంచి తుపాకి జారి దుమ్ములో పడింది.

రిహార్సల్ కాబట్టి సరిపోయింది. గుర్రం మీద వస్తూ ఒరలోంచి రివాల్వర్ దూయాలి, ఎదురొచ్చిన దొంగల్ని కాల్చాలి, వేలి చుట్టూ గిర్రున తిప్పి మళ్లీ ఒరలో పెట్టాలి. దూసింది, కాల్చింది. తిప్పేటప్పుడు అది పట్టిన చేప జారినట్టు జారిపోయింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనిపించింది ఆమెకి.

అది కౌబాయ్ సినిమా. అనంతపురం దాటాక ఎర్రటి బండరాళ్ల మధ్య దాని కోసం చెక్కలతో ఒక ఊరు కట్టారు. బ్యాంకు, జైలు, సారా దుకాణం, గంటతో సహా ఒక చర్చి. అన్నిటికీ ముందు గోడలే. తలుపు తీస్తే లోపల గది ఉండదు, ఆకాశం ఉంటుంది. సాయంత్రాలు గొర్రెల మందలు ఆ వీధిలోంచే ఇంటికి పోయేవి. కాపరులు మొదట్లో ఆ ఊరిని చూసి నవ్వేవాళ్లు. రానురాను "బ్యాంకు కాడ ఉంటా, వచ్చేయ్" అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. యూనిట్ వాళ్లూ అంతే. లేని ఊళ్లో ఉన్నట్టుగా తిరగడం అందరికీ అలవాటైపోయింది.

హీరోయిన్‌కి గుర్రమంటే భయం. ఆ రోజుల్లో అలాంటి పనులకి మగ ఫైటరు విగ్గు పెట్టుకుని, హీరోయిన్ బట్టలు తొడుక్కుని గుర్రం ఎక్కేవాడు. ఈసారి మాత్రం తుపాకి విద్యలు నేర్పే లతీఫ్ మాస్టారు గుంతకల్లు నుంచి ఒక జట్కావాలా కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. అక్షరాల కంటే ముందు పగ్గాలు పట్టిన పిల్ల. డైరెక్టరు గడ్డం గోక్కుని, "సరే, ఒక్క షాట్ చూద్దాం" అన్నాడు.

ఆ ఒక్క షాటూ మర్నాడు పొద్దున. వీధి చివర రెండు బండల నడుమ నుంచి సూర్యుడు లేచే నాలుగు నిమిషాల వెలుతుర్లోనే తీయాలి. బాగా వస్తే సినిమా అంతా గుర్రం మీద మస్తానమ్మే. తప్పితే గుంతకల్లు బండి ఎక్కడమే.

మేకప్ టెంట్‌లో మేకుకి విగ్గు తగిలించి సిద్ధంగా ఉంచారు, పొడుగాటి జడతో సహా. గాలికి అది కదులుతుంటే ఎవరో ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఇటువైపు చూడనంటున్నట్టు ఉండేది.

"ఏమ్మా, చెయ్యి చెమట పడుతోందా?" అన్నాడు అసోసియేట్ డైరెక్టర్ భుజంగం, తుపాకి మీది దుమ్ము ఊదుతూ. "నున్నటి పిడి కదా, జారక ఏం చేస్తుంది? గళ్ల పిడి వేయించుకో. కొరికినట్టు పట్టుకుంటుంది."

"ఆయన మాట వినబాకు చెల్లెమ్మా," అన్నాడు ఫైటర్ వీరాసామి. విగ్గు పెట్టుకోవాల్సి వస్తే పెట్టుకోవాల్సింది అతనే. "గళ్ల పిడి చేతిని తినేస్తుంది. తిప్పబోతే తిరగదు. నున్నటిదే మేలు."

"నువ్వు తిప్పావా ఎప్పుడైనా?" అన్నాడు భుజంగం.

"తిప్పలేదు. తిప్పి పడేసినవాళ్లని చూశా." వీరాసామి తన మీసం మీద చెయ్యేసుకున్నాడు. చెవుల దాకా పోయే మీసం అది. "చూడు చెల్లెమ్మా, నువ్వు పడేస్తే రేపు వీళ్లు దీన్ని గొరుగుతారు. మా ఇంటిది గుమ్మంలోకి రానివ్వదు. నా మీసం నీ చేతిలో ఉంది."

అప్పుడు అందరూ నవ్వారు. మస్తానమ్మ తప్ప.

లతీఫ్ మాస్టారు సారా దుకాణం మెట్ల మీద కూర్చుని సాసర్లో టీ పోసుకుని తాగుతున్నాడు. వయసులో సర్కస్‌లో గురిచూసి కాల్చినవాడు. తెల్లటి గడ్డం, సన్నటి వేళ్లు. మాటలు పొదుపు. ఆయనకి ఒక నియమం ఉంది. షాట్‌కి ముందు తుపాకిని ఆయనే నింపి, ఆయన చేత్తోనే ఒరలో పెట్టాలి. ఆ తర్వాత 'యాక్షన్' అనేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, తొంగిచూడకూడదు. పొగా చప్పుడూ తప్ప ఏమీ రాని ఉత్తి తూటాలే అయినా సరే.

"మాస్టారూ, గళ్ల పిడి వేయండి," అంది మస్తానమ్మ ఖాళీ తుపాకి చాపి.

ఆయన ఎందుకని అడగలేదు. పక్కనున్న రేకు పెట్టె తెరిచాడు. పిడి అంటే ఇనుప చట్రానికి అటొకటి ఇటొకటి అమర్చిన రెండు చెక్కలు, మధ్యలో ఒక మర. మర విప్పి నున్నటి చెక్కలు తీసి, గుడ్డలో చుట్టిన గళ్ల చెక్కలు బిగించాడు. పనసకాయ తోలులా గరగరలాడుతూ ఉన్నాయి అవి.

మస్తానమ్మ చర్చి వెనక్కి పోయి దూసి చూసుకుంది. నిజమే, జారలేదు. అసలు కదల్లేదు. ప్రతి దెబ్బకీ ముందు తుపాకి వెనకున్న కొక్కేన్ని బొటనవేలితో లాగాలి. వేలు అక్కడిదాకా పోలేదు. మొదట ఎలా పట్టుకుందో అలాగే ఉండిపోయింది, అరచేతికి అంటించినట్టు. కాసేపటికి అరచెయ్యి ఎర్రగా కందింది, గళ్లు గళ్లుగా.

తిరిగొచ్చింది. "మాస్టారూ, నున్నటిదే వేయండి."

వేశాడు.

అది మళ్లీ జారింది. ఈసారి చర్చి వెనక చూసేవాళ్లు లేరు కాబట్టి ఆమె ఏడవగలిగింది. కళ్లు తుడుచుకుని వచ్చింది.

"గళ్లదే మాస్టారూ."

వేశాడు. టీ చల్లారిపోయింది, ఆయన పట్టించుకోలేదు.

మరోసారి వచ్చినప్పుడు ఆమె తుపాకి చాపలేదు. మెట్టు మీద కూలబడింది. "నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి. గళ్లదా, నున్నటిదా? మీరు ఏది అంటే అది."

లతీఫ్ మాస్టారు లేచి పెట్టె మూశాడు. "పద అమ్మీ," అన్నాడు. "ఎక్కు."

ఆ ఆడగుర్రం పేరు నెమలి. బూడిద రంగు, మెడ మీద మచ్చలు. మస్తానమ్మంటే దానికి ఇష్టం. ఆమె జీను మీదికి ఎక్కి, అలవాటు ప్రకారం ఎడమ చేత్తో పగ్గాలు పట్టుకుంది, కుడి చేత్తో తుపాకి.

మాస్టారు ఆమె కుడి చేతిలోంచి తుపాకి తీసి ఎడమ చేతిలో పెట్టాడు. ఎడమ చేతిలోంచి పగ్గాలు తీసి కుడి చేతిలో పెట్టాడు.

"ఇదేంది మాస్టారూ? షాట్‌లో ఇట్లా కాదు కదా."

"పోనీ," అన్నాడాయన. పోనీ అంటే గుర్రాన్ని. ఆ తర్వాత మెట్ల మీదికెళ్లి కూర్చున్నాడు.

నెమలి నాలుగడుగులు వేసి ఆగింది. మడమలతో అదిలిస్తే తల విదిలించింది. పక్కకి తిరిగింది, జైలు గోడకేసి నడిచింది, చెక్కగోడకి ముక్కు ఆనించి నిలబడిపోయింది. గోడ కాస్త ఊగింది.

"ఏమైంది దీనికి? ఇందాకటి దాకా బాగానే ఉందే!"

"నన్నడుగుతావేం? దాన్నడుగు," అన్నాడు మాస్టారు.

ఉక్రోషంతో పగ్గాలు లాగింది. నెమలి నోరు తెరిచి చెవులు వెనక్కి వాల్చింది. అలా చెవులు వాల్చిన గుర్రాన్ని ఆమె ఎరుగును. స్టేషన్ దగ్గర కొత్తగా జట్కా తోలేవాళ్లు లాగి లాగి పట్టుకుంటే గుర్రాలు అలాగే చేసేవి. వాళ్లని చూసి ఆమె నాన్న, "బండిని తోలేది గుర్రం కదా, వాడు గుర్రాన్ని తోలుతుండాడు," అని నవ్వేవాడు. ఆ నాన్న కూతురి గుర్రం ఇప్పుడు చెవులు వాల్చింది.

ఆమె తన కుడి చేతికేసి చూసుకుంది. పిడికిలి. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంది ఆ చెయ్యి.

వదులు చేయబోయింది. చేసినట్టే ఉంది, మళ్లీ బిగిసింది. నెమలి ఒకడుగు వేసి ఆగింది. మళ్లీ వదులు చేసింది. రెండడుగులు. వెలుతురు పలచబడుతూ వచ్చింది. మంద ఒకటి వీధిలోకి వచ్చింది, గొర్రెలు గుర్రం కాళ్ల చుట్టూ నీళ్లలా విడిపోయి మళ్లీ కలిసిపోయాయి. లేని ఇళ్ల కిటికీల్లోంచి నిజమైన నక్షత్రం ఒకటి కనిపించింది. బ్యాంకు దాటారు, చర్చి దాటారు. ఎప్పుడు మొదలైందో ఆమెకి తెలియదు, నెమలి తల దించుకుని తాపీగా నడుస్తోంది. పగ్గాలు కుడి అరచేతిలో కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జారుతున్నాయి, అది ఊపిరి తీసుకుంటున్నట్టు. ఆమె వాటిని జారనిస్తోంది. అవి ఎక్కడికీ పోవడం లేదు.

వీధి ఆ చివరిదాకా పోయి తిరిగి వచ్చేసరికి మాస్టారు లాంతరు వెలిగించి ఉన్నాడు. దిగబోతూ ఆమె ఉలిక్కిపడింది. ఎడమ చేతిలో తుపాకి ఉంది. ఇంతసేపూ అది ఉందన్న సంగతే మర్చిపోయింది. పట్టుకున్న గుర్తు కూడా లేదు. అయినా అది పడలేదు.

మాస్టారు చెయ్యి చాపాడు. ఆమె తుపాకి ఇచ్చింది. ఆయన గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు.

"మరి పిడి మాస్టారూ?"

"పోయి అన్నం తిను," అన్నాడాయన.

తెల్లవారుజామున చలి. చెక్క ఊరి మీద సన్నటి మంచు. దూరం నుంచి చూస్తే ఆ ఇళ్లలో మనుషులున్నట్టూ, ఇంకా లేవనట్టూ ఉంది. కెమెరా దగ్గర అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు, వాళ్లని లేపకూడదన్నట్టు. వీరాసామి ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. మంగలి అతని పక్కనే నిలబడి కత్తికి పదును పెడుతున్నాడు. భుజంగం విగ్గు తెచ్చి కెమెరా పెట్టె మీద పెట్టాడు.

"ఏం లేదమ్మా, చేతికందుబాటులో ఉంటుందని," అన్నాడు, శాలువా కప్పుకుని నెమలి మీద కూర్చున్న మస్తానమ్మతో.

లతీఫ్ మాస్టారు వచ్చాడు. తుపాకి గుడ్డలోనే ఉంది. గుడ్డతో సహా ఆమె నడుం దగ్గరికి తెచ్చి ఒరలో దించి, గుడ్డ లాగేసి, పిడి మీద తన పై పంచె చెంగు కప్పి పట్టుకున్నాడు.

"ఏది వేశారు మాస్టారూ?"

"శాలువా ఇచ్చేయ్ అమ్మీ. షాట్‌లో కనబడుతుంది."

"చెప్పండి, ఏది?"

ఆయన నెమలి మెడ నిమిరాడు. "ఇది ఇవాళ హుషారుగా ఉంది," అన్నాడు.

రెండు బండల నడుమ ఎరుపు చిక్కబడింది. డైరెక్టరు చెయ్యెత్తాడు. మాస్టారు పంచె చెంగు తీసేసి పక్కకి తప్పుకున్నాడు. మస్తానమ్మ కిందికి చూడలేదు. నియమం కాబట్టి అనుకోవచ్చు. నిజానికి ఆ క్షణంలో నెమలి చెవులు ముందుకి లేచాయి, ఆమె వాటినే చూస్తోంది.

"యాక్షన్!"

తర్వాత జరిగింది ఆమెకి వరసగా గుర్తులేదు. కళ్లలోకి సూర్యుడు. ఇళ్లు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి, కలలో పోయినట్టు, చప్పుడు లేకుండా. ఎదురుగా నల్లటి ఆకారాలు. పొగ. పొగలోంచి గుర్రం బయటికి వచ్చింది. గాల్లో ఏదో చక్రంలా తిరిగి మెరిసింది, అది తన వేలి చుట్టూనే అని కాస్త ఆలస్యంగా తెలిసింది. నడుం దగ్గర ఒర బరువెక్కింది. అంతే.

వీధి చివర నెమలి తనంతట తనే ఆగింది. ముందు గోడ తప్ప ఏమీ లేని చర్చి గంట గాలికి ఒకసారి మోగింది.

వెనక నుంచి ముందు వినిపించింది వీరాసామి కేక. "కత్తి లోపల పెట్టవయ్యా మంగలీ! పెట్టు లోపల!" ఆ తర్వాత అందరి చప్పట్లూ. భుజంగం విగ్గుని చంకలో పెట్టుకుని డైరెక్టరు చెప్పేదానికి గబగబా తలూపుతున్నాడు. "మిగతా గుర్రం సీన్లకి ఈ అమ్మాయే," అంటున్నాడు డైరెక్టరు.

మస్తానమ్మ గుర్రం దిగి, తుపాకి అప్పజెప్పడానికి మాస్టారి దగ్గరికి నడిచింది. ఆయన మెట్ల మీద పెట్టె తెరుచుకుని ఉన్నాడు. ఒరలోంచి తీసి ఇవ్వబోతూ, అప్పుడు చూసింది.

పిడికి ఒకవైపు గళ్ల చెక్క. తిప్పి చూసింది. రెండోవైపు నున్నటి చెక్క.

మరోసారి తిప్పి చూసింది. అరచేతిని తెరిచి ఎండలో పెట్టి చూసుకుంది. నిన్నటి మంట చల్లారింది. కొత్త గుర్తు ఏదీ లేదు.

లతీఫ్ మాస్టారు మర విప్పే సాధనం చేతిలోకి తీసుకున్నాడు.

"ఊఁ, చెప్పు అమ్మీ," అన్నాడు. "ఏది మార్చమంటావు?"

ఆమె తుపాకిని ఆయన ఒళ్లో పెట్టింది. వెనక్కి తిరిగి, నెమలికి నీళ్లు పట్టడానికి తొట్టి వైపు నడిపించుకుపోయింది. పగ్గాలు ఏ చేత్తో పట్టుకుందో చూసుకోలేదు.