ఏడు మూరల నవ్వు

గస్పార్‌ను బాధిస్తున్నది ఒకే ఒక మాట. ఆ మాట సినిమాలో ఉంది. స్పష్టంగానే రికార్డయింది. అయినా హాలులో ఒక్కరికీ వినబడలేదు.

ఫ్రాన్సులో సినిమాకు మాటలు వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్లయింది. పారిస్ శివార్లలో, మార్న్ నది ఒడ్డున ఉన్న ఒక స్టూడియోలో మదామ్ జొరాద్ ఎడిటరు. తీసిన ఫిల్మును కత్తిరించి, అతికించి, కథగా నిలబెట్టడం ఆమె పని. ఆమె మాట్లాడేది తక్కువ. గస్పార్ మూడేళ్లుగా ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చురుకైనవాడు. తన కత్తెర మీద తనకు నమ్మకం ఎక్కువ.

ఆ ఏడు వాళ్ల చేతికి వచ్చింది ఒక హాస్యచిత్రం. నవ్వు అడుగున దుఃఖం ఉన్న కథ. కథానాయకుడు కాలువ గేట్లు కాసే ముసలివాడు. నావికుడైన తమ్ముడు రాశాడంటూ ఊరి కెఫేలో రోజూ ఉత్తరాలు చదివి వినిపిస్తూ ఉంటాడు. తమ్ముడు ఏనాడో సముద్రంలో మునిగిపోయాడని ఊరందరికీ తెలుసు. ముసలివాడికి మాత్రం తెలియదని అందరూ అనుకుంటారు.

ఒకరోజు అతను ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతూ పట్టుబడతాడు. వడ్డించే అమ్మాయి ఏమీ అనకుండా ఆ కాగితాన్ని అతని చేతుల్లోనే తిప్పి సరిగా పెడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు పెదవులు బిగబట్టి గ్లాసుల్లోకి చూస్తారు. అప్పుడు ముసలివాడు అంటాడు:

“నవ్వండి, పరవాలేదు. వాడుంటే మీకంటే ముందు నవ్వేవాడు.”

‘వాడుంటే’ అన్న ఆ ఒక్క మాటతో, అతనికి మొదటినుంచీ అంతా తెలుసునని ప్రేక్షకుడు గ్రహించాలి. అది వినబడకపోతే మిగిలేది ఒక వెర్రి ముసలివాడి కథ.

ఈ పాత్ర వేసినవాడు రుస్తాన్. నలభై ఏళ్లు నాటకశాలల్లో జనాన్ని నవ్వించిన మనిషి. చిత్రీకరణలో, కాగితం తిరిగిన తరువాత ఆయన వెంటనే మాట్లాడలేదు. కాగితాన్నే చూస్తూ కదలకుండా ఉండిపోయాడు. ముసలి నటుడు మాట మరిచిపోయాడని గస్పార్ అనుకున్నాడు. ఆ ఖాళీని కత్తిరించి రెండు కొసలనూ అతికించాడు. అతుకు ఎవరికీ కనబడనంత నేర్పుగా వచ్చింది. మదామ్ చూసింది. కత్తిరించిన ముక్కకు చీటీ కట్టి, మిగతా ముక్కలతో పాటు మేకుకు తగిలించింది.

సోమవారం కొందరిని పిలిచి సినిమా చూపించారు. కాగితం తిరగగానే హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వులో మాట కొట్టుకుపోయింది.

“బాగా నవ్వారు కదా, మొస్యె” అన్నాడు గస్పార్, నిర్మాత దెల్మాస్‌తో.

“నవ్వారయ్యా! ఆ తరువాత అరగంటసేపు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. ముసలాడు ఎందుకు ఏడుస్తున్నాడని మా ఆవిడ నన్నడిగింది. నేనెవర్ని అడగను?” దెల్మాస్ మదామ్ వైపు తిరిగాడు. “శుక్రవారం హాళ్ల యజమానులు చూస్తారు. అప్పటికి సరిచేస్తే సరే. లేదంటే ఆ సీను తీసేయండి. మిగతాచోట్ల అతను పడతాడు, లేస్తాడు, టోపీ కాలువలో పోగొట్టుకుంటాడు. జనానికి అది చాలు.”

మరునాడు రుస్తాన్ ఎడిటింగు గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“మదామ్, మీ కత్తెరకు నమస్కారం. నా ముక్కును ఎంత కత్తిరించినా అభ్యంతరం లేదు, అది ఎలాగూ తెరలో పట్టదు. ఆ ఉత్తరం సీను మాత్రం...” ఆయన టోపీ అంచును వేళ్లతో తిప్పుతూ ఆగాడు. “నలభై ఏళ్లు పడ్డాను, లేచాను. ఈ ఒక్కచోటే నన్ను ఊరికే నిలబడనిచ్చారు.”

“సీను ఉంది, మొస్యె” అంది మదామ్.

ఆయన వెళ్లేవరకూ గస్పార్ తల ఎత్తలేదు.

“శుక్రవారం దాకా ఉంది” అన్నాడు ఆ తరువాత. “మదామ్, నేనొక ఉపాయం చెబుతాను. కెఫేలో పిల్లిని తీసిన షాటు ఒకటుంది. కాగితానికీ మాటకూ మధ్య దాన్ని పెడదాం. నవ్వు తగ్గుతుంది, మాట వినబడుతుంది.”

“ఎంతసేపు పెడతావు?”

“మూడు సెకన్లు.”

“మూడే ఎందుకు?”

“ఉజ్జాయింపుగా.”

“ఎవరి ఉజ్జాయింపు?”

గస్పార్ కత్తెరను బల్ల మీద పెట్టాడు.

మదామ్ అలమారు తెరిచి, బొమ్మలు లేని ఖాళీ ఫిల్ము చుట్ట ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. “రేపు మధ్యాహ్నం చర్మకారుల పేటలో ఆట వేయిస్తున్నాను. ఇది తీసుకురా.”

ఆ పేట హాలులో బల్లలే ఆసనాలు. పని దిగి వచ్చిన ఆడవాళ్లూ మగవాళ్లూ కిక్కిరిసి కూర్చున్నారు. మదామ్ గస్పార్‌ను పక్క గోడకు ఆనించి, ముఖం జనం వైపు ఉండేలా నిలబెట్టింది.

“తెర చూడకు. నవ్వు మొదలుకాగానే ఫిల్ము లాగు. ఆగిపోగానే కత్తెర వేయి.”

వేగం ఎంతో చెప్పవలసిన పని లేదు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు నడుస్తాయి. వాటి పొడవు ఇంచుమించు ఒక మూర. మూడేళ్లుగా ఆ పనిలో ఉన్న చేతికి అది అలవాటే.

కాగితం తిరిగింది. హాలు పగలబడింది. పూలమ్మే ఆమె దండను కొలిచినట్టు గస్పార్ మూర తరువాత మూర లాగాడు. నాలుగు. ఐదు. ఎవరో బల్ల చరిచారు. రుస్తాన్ మాట ఆ గోలలో వచ్చి వెళ్లిపోయింది. ఆరు. వెనక వరుసలో ఒకామె పమిటలాంటి తన శాలువాతో కళ్లు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉంది. ఏడు. ఆమె నవ్వు కూడా ఆగింది. గస్పార్ కత్తెర వేశాడు.

స్టూడియోకు తిరిగి వచ్చాక మదామ్ ఆ ఖాళీ ఫిల్మును బల్ల మీద పొడవునా పరిచి, కొసకు ఒక ఇనుప బిళ్ల పెట్టింది. తరువాత లేచి, మేకులకు వేలాడుతున్న ముక్కల మధ్య వెతికి, చీటీ చూసి ఒకదాన్ని తీసింది. దాన్ని మొదటిదాని పక్కనే పరిచింది.

గస్పార్ వంగి చూశాడు. రెండో దాని నిండా రుస్తాన్ ముఖమే. కాగితం వైపు వంగిన ముఖం, వరసగా, కదలకుండా. మూర తరువాత మూర. రెండు ఫిల్ములూ ఒకదాని పక్కన ఒకటి బల్ల చివరిదాకా సాగాయి. మొదటిది ముగిసింది. ఒక జాన తరువాత రెండోదీ ముగిసింది.

అతను కొసలను మళ్లీ సరిచూశాడు.

“మదామ్, చిత్రీకరణ రోజు షెడ్డులో నేనూ ఉన్నాను. మైకు కోసం అందరం ఊపిరి బిగబట్టాం. బయట పడవ వెళుతున్న చప్పుడు కూడా రాకుండా కాపలా పెట్టారు. నవ్వు ఎంతసేపు ఉంటుందో ఆయనకు ఎలా తెలిసింది? అక్కడ ఎవరూ నవ్వలేదు.”

“నిజమే” అంది మదామ్. “ఎవరూ నవ్వలేదు.”

ఆమె బల్ల దగ్గర కూర్చుని అతుకు విప్పడం మొదలుపెట్టింది. గస్పార్ తను మూడేళ్లలో ఆ మేకులకు తగిలించిన ముక్కలన్నిటినీ ఒకసారి చూశాడు. ఆ ముక్కల్లోని ముఖాలతో ఆ గదిలో అంతమంది ఉన్నారని అతనికి ఇంతకుముందు తోచలేదు.

“ఒక జాన ఎక్కువ ఉంది” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “అర సెకను. తీసేయనా?”

“ఆ జాన నవ్వు కోసం కాదు.”

“మరి దేనికోసం?”

మదామ్ అతని కత్తెర తీసుకుని సొరుగులో వేసింది.

శుక్రవారం హాళ్ల యజమానులు తమ కుటుంబాలతో వచ్చారు. దెల్మాస్ మదామ్ పక్కన కూర్చున్నాడు. గస్పార్ ఆమెకు అటువైపు కూర్చున్నాడు. సీను దగ్గర పడుతుంటే అతను తెర వదిలి జనాన్ని చూడసాగాడు.

కాగితం తిరిగింది. హాలు నవ్వింది. తెర మీద రుస్తాన్ కాగితాన్ని చూస్తూ ఉన్నాడు. హాలు ఇంకా నవ్వింది. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. నవ్వు పలచబడింది, అక్కడక్కడ మిగిలింది, ఆగింది. ఆయన ఇంకా మాట్లాడలేదు.

ఆ అర సెకనులో, ముందు వరుసలో గట్టిగా నవ్విన లావుపాటి మనిషి తన చేతిని నోటికి అడ్డం పెట్టుకోవడం గస్పార్ చూశాడు.

“నవ్వండి, పరవాలేదు” అన్నాడు రుస్తాన్. “వాడుంటే మీకంటే ముందు నవ్వేవాడు.”

హాలులో ఎవరూ దగ్గలేదు. కుర్చీ కిర్రుమనలేదు. వెనుక గదిలో యంత్రం తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.

చాలాసేపటికి దెల్మాస్ మదామ్ చెవి దగ్గరకు వంగాడు. ఆయన కళ్లు తెర మీదనే ఉన్నాయి.

“ఇది సోమవారం లేదు. నాకు చెప్పకుండా మళ్లీ తీశారా?”

గస్పార్ తల వంచుకున్నాడు. చెప్పవలసినది తనే. నోరు తెరవబోయాడు.

మదామ్ అతని మణికట్టు మీద చేయి వేసి ఆపింది.

“లేదు, మొస్యె. ఆయన మొదటి రోజే ఇచ్చారు. మేము అందుకోవడం ఆలస్యమైంది.”