అడగకుండా వచ్చినవాడు

విరూపాక్షికి మాటిమాటికీ లేవడం విసుగైపోయింది.

నల్లమల అంచున ఉన్న ఆ మఠంలో తాళపత్రాలన్నిటినీ ఫోటోలు తీసి ఒక కంప్యూటర్లో దాచారు. పండితులు తమ ఊళ్ళలో కూర్చునే అందులోకి కనెక్టయి, దాని స్క్రీన్ మీది బాణం గుర్తును అక్కడినుంచే కదుపుతూ చదువుకునేవారు. ఎవరు వచ్చినా ముందు స్క్రీన్ మీద ఒక ప్రశ్న పడేది: "ఫలానావారు లోపలికి వస్తామంటున్నారు. రానివ్వమంటారా?" విరూపాక్షి ధ్యానం మధ్యలో లేచి వెళ్ళి, పేరు చూసి, సరేనని నొక్కి రావాలి.

ఒకరోజు ఆ సెట్టింగు మార్చేసి, తన పాస్‌వర్డ్ పండితులందరికీ పంపాడు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇక నేరుగా లోపలికి వచ్చేయొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు.

"స్వామీ, ఇక కంప్యూటర్ గదిలో మనిషితో పనిలేదు," అన్నాడు గురువు సిద్ధలింగస్వామితో, కాస్త గర్వంగానే.

స్వామి విన్నారు.

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం దుమ్ము దులుపుదామని విరూపాక్షి ఆ గదిలోకి వెళ్ళాడు. కుర్చీ ఖాళీగా ఉంది. స్క్రీన్ మీద బాణం గుర్తు మాత్రం కదులుతోంది.

ఎవరో పండితుడు చదువుకుంటున్నాడులే అనుకున్నాడు. కానీ బాణం తాళపత్రాల వైపు పోలేదు.

మఠానికి వచ్చేవాళ్ళు గురువుగారికి మాత్రమే రాసుకున్న ఉత్తరాలు అందులోనే ఒక మూల వేరుగా ఉండేవి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళు రాసినవి, చేసిన తప్పు ఇంకెవరికీ చెప్పుకోలేనివాళ్ళు రాసినవి. బాణం వాటిని ఒక్కొక్కటిగా తెరుస్తోంది. తొందరేమీ లేదు. చివరి సంతకం దాకా నెమ్మదిగా దిగి, మూసి, ఇంకొకటి తెరుస్తోంది.

లోపల ఉన్నదెవరో చూద్దామని విరూపాక్షి పేర్ల జాబితా తీశాడు. ఒక్కటే పేరుంది.

విరూపాక్షి.

ఇంటర్నెట్ తీగ పీకేద్దామని వంగాడు. వెనకనుంచి ఒక చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. సిద్ధలింగస్వామి ఎప్పుడొచ్చి నిలబడ్డారో తెలియదు.

"పీకితే పోతాడు. ఎవరో తెలియకుండానే పోతాడు. ముందు అడుగు నాయనా."

విరూపాక్షి ఖాళీ పేజీ ఒకటి తెరిచాడు. "ఎవరు నువ్వు?" అని టైపు చేశాడు.

బాణం ఆగిపోయింది. తర్వాత ఆ ప్రశ్న కిందనే, ఎవరో ఆలోచించి రాస్తున్నట్టు, అక్షరం తర్వాత అక్షరం పడింది.

"విరూపాక్షి."

"విరూపాక్షిని నేను! నిన్ను లోపలికి రానిచ్చిందెవరు?"

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"విరూపాక్షి."

స్వామి అతని మణికట్టు వదిలేశారు.

విరూపాక్షి సెట్టింగును మళ్ళీ మునుపటిలా పెట్టాడు. పాస్‌వర్డ్ మార్చాడు. జాబితాలో పేరు మాయమైంది. అయినా చాలాసేపు తెర మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"ఎన్నాళ్ళనుంచి చదువుతున్నాడో, స్వామీ?"

స్వామి ఖాళీ కుర్చీని అతని వైపు జరిపారు. విరూపాక్షి కూర్చున్నాడు.

"ఇక రాడు కదా?"

"వస్తాడు," అన్నారు స్వామి గుమ్మం దాటుతూ. "ఈసారి నిన్ను అడుగుతాడు."