నాచమ్మా, నాలుగు కొమ్ముల కొమ్మయ్యా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో బండల మధ్య చిన్న మడుగు. ఆ మడుగులో నాచమ్మ అని ఒక పాచి పోగు ఉండేది. నీ తలవెంట్రుక ఉందే, దానికంటే సన్నం. కళ్లు లేవు, కాళ్లు లేవు. ఎండ పడితే అదే ఆవిడకి అన్నం. నీలాగ ముద్దముద్దకీ బతిమాలించుకునేది కాదు.

ఒకరోజు కొమ్మయ్య అనే కొండగొర్రె నీళ్లకొచ్చాడు. ఆ అడవి మొత్తానికి నాలుగు కొమ్ములున్నది అతనికే. ఆ గీర అంతా ఇంతా కాదు. మూతికి పాచి అంటుకునేసరికి మండిపడ్డాడు.

"తలా తోకా లేనిదానివి, నా మడుగులో నీకేం పని? పో అవతలికి."

నాచమ్మ హడలిపోయింది. ఆ మడుగు తప్ప ఆవిడకి వేరే ఇల్లు లేదు. అయినా ధైర్యం తెచ్చుకుని, "తొలివాన పడేటప్పుడు ఇక్కడ ఎవరుంటే వాళ్లదే మడుగు. సరేనా నాయనా?" అంది.

"ఓస్, అంతేనా" అన్నాడు కొమ్మయ్య.

అప్పుడు గిట్టలతో నాచమ్మని తొక్కాడు. మూడు ముక్కలైంది. తలా తోకా ఉంటేగా చావడానికి? మూడు ముక్కలూ మూడు నాచమ్మలై కూర్చున్నాయి. మూడైనా ముప్పయ్యైనా, పేరు నాచమ్మే.

ఆ తర్వాత కొమ్ములతో ఎత్తి గట్టు మీద పారేశాడు. నాచమ్మ తడిబండ మీద మెల్లమెల్లగా జారుకుంటూ మళ్లీ నీళ్లలోకి దిగింది. కొమ్మయ్యకి ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత రోహిణీకార్తె వచ్చింది. మడుగు ఎండిపోయింది. నాచమ్మ బండకి అంటుకుపోయి నల్లటి పొట్టులా అయింది.

"పీడా పోయింది" అన్నాడు కొమ్మయ్య. కానీ దాహం ఊరుకుంటుందా? నాలుక పిడచకట్టుకుపోయింది. నాలుగు కొమ్ములూ విదిలించినా చుక్క నీరు రాలలేదు. చేసేది లేక ఏటి వైపు వెళ్లిపోయాడు.

ఒక్కత్తే ఆ ఎండలో పడి ఉన్న నాచమ్మకి ఎంత భయమేసిందో. అయినా కదల్లేదు. ఊపిరి బిగబట్టుకుని పడుకుంది.

ఒక సాయంత్రం ఉరిమింది. తొలివాన జోరున కురిసింది. అప్పుడు నాచమ్మ నీళ్లు పీల్చింది, ఉబ్బింది, పచ్చగా నిగనిగలాడింది. అబ్బ, ఎంత సంబరమో ఆవిడకి. మడుగంతా తనదే.

వాన వాసన తగిలి కొమ్మయ్య రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. చూసి నోరు వెళ్లబెట్టాడు.

"నువ్వెప్పుడొచ్చావు?"

"నేనెప్పుడు వెళ్లాను నాయనా? దాహంతో ఉన్నట్టున్నావు, తాగు" అంది నాచమ్మ.

కొమ్మయ్య నాలుగు కొమ్ములూ వంచి, ఆవిడ మడుగులో నీళ్లు తాగాడు.

కథేమో కంచికి,
కొమ్మయ్య కొండకి,
నాచమ్మ నీళ్లకి,
నువ్వేమో పడకకి.