మెత్తబడ్డ మిరపకాయలు

ఆ గాలా? పెద్దదేం కాదయ్యా. పక్క కల్లంలో గడ్డివాము కూడా చెదర్లా.

పర్చూరు అవతల మిరప కల్లంలో చెంచురామయ్యని ఒకడుండేవాడు, తనకి తెలియంది పెళ్ళాం ఆదెమ్మకి తెలుసంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

ఆ మధ్యాన్నం ఆదెమ్మ ఒక కాయ తీసి వంచింది. పొద్దున గలగలమన్న కాయ, వంగిందేగాని విరగలా.

"ఏమయ్యా, కాయ మెత్తబడింది. ఇంత ఎండలో మెత్తబడిందంటే సముద్రం గాలి దిగినట్టే. పైన మబ్బు చూడు, పడమట్నుంచి పరిగెత్తుకొస్తంది. కింద గాలి ఒకయేపు, పైన గాలి ఇంకోయేపు. ఇది సుడి తిరుగుద్ది. కాయ పోతే పోయింది, రోడ్డు తూము కిందకి పోదాం పద."

"నీకెవరు చెప్పారే, రేడియోలోనా?"

"కాయ చెప్పింది."

"అయితే రేటెప్పుడు పెరుగుద్దో కూడా దాన్నే అడుగు" అని నవ్వాడు.

నవ్వాడేగాని, ఏడాది పంటంతా నేలమీదే ఉంది. ఒకచోట నిలవలేకపోయాడు. కాయ మీద టార్పాలిన్ పట్ట కప్పాడు, తీశాడు, మళ్ళీ కప్పాడు. అంచుల మీద రాళ్ళు పెట్టాడు. చాలవనిపించింది. పట్ట తాడు ఒకటి తన నడుముకి కట్టుకున్నాడు. రెండోది ఆదెమ్మకి ఇచ్చాడు. మంచి తాడు ఆమెకే ఇచ్చాడు.

"కట్టుకో. ఇద్దరి బరువుంటే పట్ట లేవదు."

"గాలికి మనమొక బరువా?"

"భయమైతే నువ్వు పో. నేనొక్కణ్ణే ఉంటాలే."

ఒక్కణ్ణి వదిలి ఎట్టా పోద్ది? కట్టుకుంది.

మబ్బు కింద సన్నగా తోకలాంటిది వేలాడింది. అది నేలకి ఆనిందో లేదో, దుమ్ము గిర్రున లేచింది. పట్ట తెరచాపలాగా ఉబ్బింది. చెంచురామయ్య తాడు పుటుక్కున తెగింది. ఆదెమ్మ తాడు తెగలా. పట్ట ఆమెని గట్టు రాళ్ళ దాకా ఈడ్చి వాటికేసి కొట్టింది.

రెండు చేలు దాటగానే గాలి చచ్చిపోయింది. చెంచురామయ్య పరిగెత్తుకెళ్ళి ఆమె నడుము ముడి పళ్ళతో లాగి విప్పాడు.

"ఎనకాలే వానుంది. కాయ పోగెయ్యి" అంది ఆదెమ్మ.

ఆయన కాయవైపు చూళ్ళా. ఆమెని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి పోతుంటే దారిలోనే వాన పట్టుకుంది. ఆమె చెప్పినట్టే.

ఇంట్లో మనిషికి మనకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకుంటే పరువేం పోదయ్యా. తెలిసినోళ్ళు చెప్పినప్పుడు అప్పుడే వినాల, తర్వాత విని లాభం లేదు.

తెల్లారేటప్పటికి ఆదెమ్మ లేదు.